చొక్కా చాటున ఇరవై ఏళ్లు

ఆగలేక రాస్తున్నాను. "ఇంకో ఆరు నెలలు పోనీ, మచ్చలు మాసిపోయాక నలుగురికీ చెప్పుకో" అంది మా డాక్టరమ్మ. ఆరు నెలలు ఎవరాగుతారు? బస్సులో పక్క సీట్లో కూర్చున్నవాడికి కూడా చెప్పేయాలనిపిస్తోంది. అందరికీ చెప్పలేను గనక, చెప్పాల్సినవాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను. వాళ్లెవరో వాళ్లకే తెలుసు. ఎండాకాలంలో కూడా చొక్కా కింద రెండు బనీన్లు వేసుకునేవాళ్లు, భుజాలు ముందుకు వంచి నడిచేవాళ్లు, ఫొటో తీస్తుంటే చేతులు కట్టుకునేవాళ్లు.

నా పేరు బాలకృష్ణన్, ఇంట్లో బాలు. వయసు ముప్పై నాలుగు. కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో మగవాళ్ల బట్టలు కుట్టే షాపులో కటింగ్ మాస్టర్ని. తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్లం. బడిలో తమిళం, షాపులో తమిళం, ఇంట్లో మాత్రం మా తెలుగు. అక్షరాలు మా అవ్వ నేర్పింది. ఈ రాతలో తప్పుల్ని నా భార్య సుగుణ దిద్దింది, కాబట్టి ఇంకా మిగిలిన తప్పులు ఆమెవే.

నాకు పదమూడో ఏట రొమ్ములు వచ్చాయి. దీన్ని తిన్నగా రాయడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. మొదట చనుమొనల కింద చిన్న బిళ్లల్లాగా నొప్పి, తర్వాత నొప్పి పోయింది, బిళ్లలు పోలేదు, పెరిగాయి. బడిలో పిల్లలు నన్ను "అక్కా" అని పిలిచేవాళ్లు. మా నైనా ఉన్నన్నాళ్లూ "తిండి తగ్గించురా" అనేవాడు. తగ్గించాను. ఒంటిపూట తిన్నాను, తెల్లారక ముందే లేచి పరుగెత్తాను. చేతులు సన్నబడ్డాయి, బుగ్గలు పీక్కుపోయాయి, అవి మాత్రం అలాగే ఉన్నాయి. టైలరింగ్ నేర్చుకున్నాక మందపాటి గుడ్డతో బిగుతైన లోపలి బనీను నాకు నేనే కుట్టుకున్నాను. దాని మీద ఇంకో బనీను, దాని మీద రెండు జేబుల చొక్కా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊళ్లో మగవాళ్ల ఛాతీలకు టేపు చుట్టి కొలతలు చెప్పేవాణ్ణి. నా ఛాతీకి టేపు చుట్టనిచ్చింది లేదు.

దీనివల్ల నేను పోగొట్టుకున్నదొకటి ఇప్పుడే చెప్పాలి. మా అక్క రాజేశ్వరిని మధురైకి రెండు గంటల దూరంలోని పెరియకుళం ఇచ్చాం, మామిడి తోటలవాళ్లకు. అక్క కూతురికి చెవులు కుట్టించే రోజు పాప మేనమామ ఒళ్లో కూర్చోవాలి. వాళ్ల కులదైవం గుడిలో మగవాళ్లు చొక్కా విప్పి, పంచెతో కూర్చుంటారు. ముందు రోజు దాకా "వస్తాను" అంటూనే ఉన్నాను. ఆ పొద్దున జ్వరమని ఫోన్ చేశాను. ముహూర్తం దాటిపోతుంటే బావ పినతండ్రి కొడుకు ఒళ్లో కూర్చోబెట్టి కుట్టించారట. వారం తిరక్కుండా అక్క వాళ్ల ఊరి మనిషొకడు షాపులో నేను నిక్షేపంగా కత్తెర పట్టుకుని ఉండడం చూసి పోయి చెప్పాడు. అక్క నాతో మాట్లాడడం మానేసి నాలుగేళ్లు.

చిత్తిరై నెల, కోయంబత్తూరు

ఈ యేడు చిత్తిరై (మాకు నెలలన్నీ తమిళ లెక్కే) ఎండలకు నా రెండు బనీన్ల కింద చెమటకాయలు లేచి, అవి గడ్డలయ్యాయి. నేను ఎవరికీ చెప్పలేదు. సుగుణే కనిపెట్టింది.

"మామా, ఆ బనీను విప్పండి."

"చెమటకాయలేలే."

"చెమటకాయలకు చీము కారతాదా? ఉతికేది నేను గదా, నాకు తెలియకుండా పోతాదా?"

మాకు పెళ్లయి ఆరేళ్లు, నాలుగేళ్ల కూతురు. ఆ ఆరేళ్లలో వెలుతురులో నా భార్య ముందు చొక్కా విప్పినవాణ్ణి కాదు. ఆమె ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు మాత్రం తలుపు గడియ వేసి నిలబడింది. విప్పాను. ఆమె చూసింది గడ్డల్ని మాత్రమే. "అయ్యో, ఎంత నొప్పి పెట్టుకుని తిరుగుతాండారు" అని, ఆ సాయంత్రమే నన్ను చర్మం డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది.

ఆయన పెద్దాయన. గడ్డలకు మందు రాసి, అంతటితో ఆగకుండా, రెండు వేళ్లతో చనుమొన వెనక నొక్కి చూశాడు. నేను ముందే అందుకున్నాను. "లావు సార్. తగ్గిస్తా ఉన్నాను."

"నువ్వు లావు ఎక్కడున్నావయ్యా?" అన్నాడు తమిళంలో. "ఇది కొవ్వొక్కటే కాదు. లోపల గ్రంథి ఉంది, బిళ్లలాగా గట్టిగా తగులుతోంది. నువ్వు పస్తులుంటే కరిగేది కాదు. మగపిల్లలకు ఎదిగే వయసులో ఇది వస్తుంది, చాలామందికి దానంతటదే పోతుంది. నీకు ఉండిపోయింది. అంతే."

కాగితం మీద దాని పేరు రాసిచ్చాడు. గైనకోమాస్టియా. మందుల షాపు ముందు నిలబడి ఆ పేరు మూడు సార్లు చదివాను. దానికి పేరుంది! డాక్టర్లు చదువుకునే పుస్తకాల్లో ఉంది! నా తిండి కాదు, నా తప్పు కాదు. అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. సుగుణ నీరసం అనుకుని సోడా కొనిచ్చింది. నేను సోడా తాగుతూ నవ్వుతున్నాను, ఏడుస్తున్నాను కూడా. షాపువాడు చిల్లర ఇస్తూ వింతగా చూశాడు.

"ఆపరేషన్ ఉందంట" అన్నాను.

"అట్లయితే చేయించుకోండి" అంది సుగుణ, అరటిపండ్లు కొనుక్కోండి అన్నంత తేలిగ్గా.

ఆని నెల, మధురై

కోయంబత్తూరులో వద్దన్నాను. ఊళ్లో డాక్టర్లు సగం మంది మా షాపులోనే సూట్లు కుట్టించుకుంటారు. చర్మం డాక్టరు నవ్వి, మధురైలో ఒక ప్లాస్టిక్ సర్జన్‌కు చీటీ రాసిచ్చాడు.

మాట్టుతావణి బస్టాండులో దిగి, కూరగాయల మూటల మధ్య నుంచి దారి చేసుకుని ఆటో ఎక్కాం. ఆసుపత్రిలో వెయిటింగ్ హాలు చూడగానే నా ప్రాణం సగం పోయింది. కాలిన చేతులకు కట్లతో ఇద్దరు, పెదవి చీలిన పసిబిడ్డతో ఒక తల్లి, వేళ్లు తెగిన మిల్లు కార్మికుడొకాయన. వాళ్లందరి నడుమ పైకి ఏ దెబ్బా లేని నేను. కౌంటర్లో అమ్మాయి ఒక్కొక్కరి పేరు, జబ్బు గట్టిగా చదివి పిలుస్తోంది. నా పేరు తర్వాత ఏమంటుందోనని లేచి వెళ్లిపోబోయాను. చీటీ చూసి ఆ అమ్మాయి తలెత్తింది, నన్ను ఒక క్షణం చూసింది, ఒక కాగితం ముక్క మీద పద్నాలుగు అని రాసి నా చేతిలో పెట్టింది. తర్వాత "పద్నాలుగో నంబరు" అని మాత్రం పిలిచింది. ఆ అమ్మాయి పేరు కూడా నాకు తెలియదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

డాక్టరమ్మకు నలభై అయిదు దాకా ఉంటాయి, చురుకైన మనిషి. ఆడమనిషి అని చూసి గుమ్మంలోనే ఆగిపోయాను. ఆమె ఫైలు మీదే చూపు పెట్టి, "రండి, రోజూ చూసేవే" అంది. ఏం మందులు వాడతావు, తాగుతావా, పొగ తాగుతావా, జిమ్ముల్లో ఇచ్చే పొడులేమైనా తిన్నావా అని అడిగింది. కింద వృషణాలు కూడా పరీక్ష చేయాలంటే, నా సిగ్గంతా ఆ గదిలోనే అయిపోయింది. రక్తపరీక్షలు, స్కాన్ అయ్యాక, వెనక వేరే జబ్బేదీ లేదని తేల్చి, బొమ్మ గీసి చెప్పింది. చుట్టూ ఉన్న కొవ్వును సన్నని గొట్టంతో లాగేస్తారు. చనుమొన చుట్టూ నల్లగా ఉండే వలయం అంచున కింది సగం కోసి, లోపలి గ్రంథిని తీసేస్తారు.

"ఇప్పుడు చెడ్డవి కూడా విను," అంది. "రక్తం చేరొచ్చు, నీరు చేరొచ్చు. రెండు వైపులా అచ్చంగా ఒక్కలాగే ఉండకపోవచ్చు. కొన్నాళ్లు తిమ్మిరిగా ఉంటుంది, ఒక్కోసారి తిమ్మిరి పూర్తిగా పోకపోవచ్చు. కట్టు విప్పగానే అద్దంలో సినిమా హీరో కనపడడు. సరేనా?"

"మేడం, చొక్కా ఒక్కటి వేసుకుంటే చాలు. ఒక్కటే."

ఆమె పెన్ను పక్కన పెట్టి నన్ను చూసింది. "అది అవుతుంది" అంది.

ఆడి మొదటి వారం

ఆడి నెలలో, మీ ఆషాఢంలాగే, మా వైపు పెళ్లిళ్లుండవు, సూట్ల పని తక్కువ, సెలవు దొరుకుతుంది. ఓనరుకు బంధువుల పని అని చెప్పాను. అమ్మకు "చిన్న గడ్డ తీయించుకోవాలి" అని చెప్పి పాపను ఆమె దగ్గర వదిలాం. అమ్మ నా మొహం చూసి ఏదో అడగబోయి ఆగింది.

ఆపరేషన్ రోజు పొద్దున డాక్టరమ్మ నన్ను నిలబెట్టి, నల్ల మార్కరుతో ఛాతీ మీద గీతలు గీసింది. గుండ్రాలు, వంపులు, బాణం గుర్తులు. నేను రోజూ బట్ట మీద సుద్దతో గీసేవే! అంత భయంలోనూ నోరు ఆగలేదు.

"మేడం, కుట్టుకు మార్జిన్ వదిలినారా?"

ఆమెకు నవ్వాగక గీత వంకర పోయింది, తుడిచి మళ్లీ గీసింది. పక్కన ఉన్న మగ నర్సు ఇంకా గట్టిగా నవ్వి తెలుగులో అన్నాడు: "అన్నా, మీరు తెలుగా?"

అతని పేరు డేవిడ్. మధురైలోనే పుట్టినవాడు, వాళ్ల తాతల కాలం నుంచి ఊరు ఊడ్చిన కుటుంబం, ఇంట్లో తెలుగు మాట్లాడే క్రైస్తవులు. ఆ కుటుంబంలో నర్సు చదువు చదివిన మొదటివాడు. "మా ఇంట్లో కూడా ఇదే మాటన్నా. మా అమ్మ ప్రార్థన కూడా తెలుగులోనే చేస్తాది." థియేటర్ బల్ల మీద చలికి నా పళ్లు టకటకమంటుంటే అతను నా తల దగ్గర నిలబడ్డాడు. "భయపడొద్దన్నా. నీకంటే పెద్దవి చూసినా నేను" అన్నాడు. నవ్వడానికి నోరు తెరిచాను. తర్వాత గుర్తు లేదు.

మెలకువ వచ్చేసరికి ఛాతీ మీద ఎవరో గ్రైండరు రాయి పెట్టినట్టుంది. నొప్పి అనుకున్నంత లేదు, బరువు, బిగుతు. మెడ నుంచి పొట్ట దాకా గట్టి ఎలాస్టిక్ బనీను. రెండు పక్కలా రెండు సన్నని గొట్టాలు, వాటి చివర చిన్న డబ్బాల్లోకి ఎర్రటి నీరు. గొంతు ఎండిపోయి, వాంతి వచ్చేలా ఉంది. "తీసేసినారా?" అని అడిగానట. "తీసేసినారు" అన్నాడట డేవిడ్. మళ్లీ అడిగానట. ఆరు సార్లు అడిగానని, ఆరో సారి సుగుణ "తీసేసి చెత్తబుట్టలో కూడా వేసేసినారు, నిద్రపోండి మామా" అందని తర్వాత చెప్పారు. నిజానికి చెత్తబుట్టలో కాదు, లాబుకు పంపారు. ఆ సంగతి తర్వాత.

రెండో రోజు

డాక్టరమ్మ వచ్చి డబ్బాలు చూసి, "రేపు గొట్టాలు తీస్తాం. కానీ వారం దాకా కోయంబత్తూరు బస్సు ఎక్కకు. దగ్గర్లో ఎవరైనా ఉన్నారా?" అంది.

"లేరు" అన్నాను నేను.

"ఉండారు" అంది సుగుణ.

ఆమె అప్పటికే అక్కకు ఫోన్ చేసేసింది. నన్ను అడగకుండా. నాకు కోపం వచ్చింది, కోపంతో లేవబోతే ఛాతీ లాగి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాలుగేండ్లు చాలు మామా" అని సుగుణ మొహం తిప్పుకుంది.

మధ్యాహ్నానికి అక్క వచ్చింది. చేతిలో అన్నం క్యారియరు. గుమ్మం దగ్గరే నిలబడింది. నాలుగేళ్లలో చెవుల దగ్గర జుట్టు నెరిసింది.

"ఏమి రా? చచ్చిపోతానని భయపడి పిలిపించినావా?"

"నేను పిలిపించలే అక్కా."

"ఏం ఆపరేషను? నీ పెండ్లాము ఫోన్లో గడ్డ అంటాది, గుండె అంటాది, ఒక్కటీ సరిగ్గా చెప్పదు."

సుగుణ నీళ్ల సీసా పట్టుకుని బయటికి వెళ్లిపోయింది. సీసా నిండుగానే ఉంది. నేను పైకప్పు చూస్తూ చెప్పాను. పదమూడో ఏడు నుంచి మొదలు పెట్టి, బడి, బనీన్లు, ఆ గుడి, ఆ పొద్దున ఫోను. "జ్వరం లేదక్కా. పంచె కట్టుకుని, బ్యాగు సర్దుకుని, బస్టాండు దాకా వచ్చి ఎనక్కి పోయినా. అంతమందిలో చొక్కా విప్పలేక."

అక్క క్యారియరు కింద పెట్టి మంచం పక్కన కూర్చుంది. కొట్టాలనుకుంది, ఎక్కడ కొట్టాలో తెలియక నా మోకాలి మీద కొట్టింది. మళ్లీ కొట్టింది.

"నాతో చెప్పింటే? శాలువ కప్పి కూచోబెట్టి ఉందును గదరా! ఎవడు అడిగి ఉంటాడు? అడిగినవాడి నోరు నేను మూసి ఉందును గదా! నా బిడ్డను ఎవరో ఎత్తుకుంటే నేను ఆడ నిలబడి చూస్తి. నా తోడబుట్టినోడికి నా బిడ్డ అక్కరలేకపోయె అనుకుంటి."

"తప్పేనక్కా."

"తప్పే. ఆ పొద్దు పోయింది, అది మళ్లీ రాదు. దానికి ఏడుస్తానే ఉంటా నేను." ముక్కు తుడుచుకుని క్యారియరు మూత తీసింది. "లెయ్యి. రసమన్నం. నువ్వు చెయ్యెత్తకూడదంట గదా, నేనే పెడతా. నోరు తెరువు."

రసం వేడిగా ఉంది, మిరియాల ఘాటు. నోటి నిండా అన్నంతో ఏడిస్తే ఛాతీ ఎంత నొప్పి పెడుతుందో తెలుసా? ఇది కూడా ముందే తెలుసుకుని ఉండండి. దగ్గు, తుమ్ము, నవ్వు, ఏడుపు, నాలుగూ నొప్పే.

పెరియకుళం

గొట్టాలు తీసినప్పుడు నొప్పి లేదు. పైజామాలోంచి నాడా లాగినట్టు చర్మం కింద ఏదో జరజరా జారిపోయింది, ఒళ్లు జలదరించింది, అయిపోయింది. డేవిడ్ బనీను మళ్లీ బిగించి, "దీన్ని ఆరు వారాలు విప్పొద్దన్నా, నీళ్లు పోసుకునేటప్పుడు తప్ప" అని, తన నంబరు నా ఫోన్లో వేశాడు. "ఏ డౌటు వచ్చినా చెయ్యి. తెలుగులోనే భయపడొచ్చు."

బావ వ్యాను తెచ్చాడు, మామిడికాయల బుట్టలు మోసేది. వెనక పరుపు వేసి నన్ను పడుకోబెట్టారు. గతుకు వచ్చిన ప్రతిసారీ అక్క బావను తిట్టింది. తోటలో కాపు అయిపోయింది, ఎక్కడో ఒకటీ అరా నీలం రకం మామిడికాయలు వేలాడుతున్నాయి. కొండల మీద నుంచి ఆడి గాలి రోజంతా హోరుమంటూ వీచేది. నేను దిండ్లు ఎత్తుగా పెట్టుకుని వెల్లకిలా పడుకోవడం, మెల్లగా నడవడం, మళ్లీ పడుకోవడం. చేతులు భుజం పైకెత్తకూడదు, బరువు ఎత్తకూడదు. తల అక్క దువ్వింది. మేనకోడలు యాళిని మొదటి రెండు రోజులు దూరం నుంచి చూసింది, మూడో రోజు వచ్చి, "మామా, నీకు బనీను ఎందుకు అంత టైటు?" అంది. "లోపల కొత్త మామ ఉండాడు, పారిపోకుండా కట్టినారు" అన్నాను. అప్పటి నుంచి పొద్దున్నే వచ్చి నా ఛాతీ మీద మెల్లగా తట్టి, "కొత్త మామా, లేచినావా?" అని అడిగేది.

అయిదో రోజు నీళ్లు పోసుకోవడానికి మొదటిసారి బనీను విప్పాను. ఎంత ఆశతో అద్దం ముందు నిలబడ్డానో! ఛాతీ అంతా నీలం, ఊదా, కొన్ని చోట్ల పసుపు. వాపు. చనుమొనలు లోపలికి లాక్కుపోయి, కింద చర్మం ముడతలు. తీయించుకోక ముందు ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉన్నట్టుంది. నేను నేల మీద కూర్చుండిపోయాను.

ఏడో రోజు ఎడమ వైపు ఇంకా ఉబ్బింది. నొక్కితే నీళ్ల సంచిలాగా కదిలింది. డేవిడ్‌కు ఫోన్ చేశాను. "జ్వరముందా? ఎర్రగా కాలుతాండాదా? లేదా? అట్లయితే నీరు చేరి ఉంటాది. పొద్దున్నే రండి. ఇది మామూలేనన్నా." మళ్లీ వ్యాను, మళ్లీ అక్క తిట్లు. డాక్టరమ్మ సూదితో నీరు లాగింది. చర్మం తిమ్మిరి వల్ల సూది గుచ్చినట్టే తెలియలేదు. ఉబ్బు దిగిపోయింది. దిగిపోయిన చోట, నీలంగానే, పల్చగా, చదునుగా, ఒక మగవాడి ఛాతీ! ఒక్క పక్కే, అయినా చూశాను నేను! "మేడం! మేడం!" అంటున్నాను, ఇంకే మాటా రావడం లేదు. ఆమె చేతి తొడుగులు తీస్తూ, "కుట్టు ఎట్లా ఉంది మాస్టర్?" అంది. వంగి చూశాను. వలయం అంచున వెంట్రుకంత గీత. ఇరవై ఏళ్లుగా సూది పట్టుకున్నవాణ్ణి, ఆ కుట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కనిపెట్టలేకపోయాను. "నన్ను మీ దగ్గర పనికి చేర్చుకోండి మేడం" అన్నాను.

ఆవణి

ఇంటికి వచ్చాక ఒక భయం మిగిలింది, ఇంకా రాని లాబు రిపోర్టు. తీసిన కండను పరీక్షకు పంపడం అలవాటు ప్రకారం చేసేదేనని డాక్టరమ్మ చెప్పింది. కానీ నేను ఫోన్లో వెతికాను. మీరు వెతక్కండి. మగవాళ్లకు కూడా అక్కడ కాన్సర్ రావచ్చని, అరుదని ఉంది. అరుదు అనే మాట నాకు కనపడలేదు, కాన్సర్ అనేదే కనపడింది. మూడు రోజులు నేను పాపతో కూడా సరిగ్గా మాట్లాడలేదు. సుగుణ మీద విసుక్కున్నాను. ఆమె ఒక పూట భరించింది, రెండో పూట గరిటె కింద పెట్టింది. "మామా, మీకు ఒక్కరికే భయమా? నాకు లేదా? రేపు ఏదన్నా అయితే బిడ్డతో నిలబడేది ఎవరు? కలిసి భయపడదాము, రండి. తలుపేసుకుని ఒక్కరే పడొద్దు." ఇద్దరం వంటింట్లో నేల మీద కూర్చున్నాం. అప్పుడే అమ్మ వచ్చింది. అక్క ఆమెకు అంతా ఫోన్లో చెప్పేసిందట. అమ్మ నా ఎదురుగా కూర్చుంది.

"పదమూడేండ్లప్పుడు నువ్వు నన్ను అడిగినావు, అమ్మా ఇక్కడ నొప్పి అని. గుర్తుండాదా? సరిగ్గా తినురా అంటి. నాకు తెలియలేదు రా బాలా." అంతే అంది. అది నాకు గుర్తు లేదు. అమ్మకు గుర్తుంది.

రిపోర్టు మర్నాడు వచ్చింది. డాక్టరమ్మే ఫోన్ చేసింది. "శుభ్రంగా ఉంది, మామూలు గ్రంథి, కొవ్వు, ఇంకేమీ లేదు." నేను షాపులో ఉన్నాను. ఎదురుగా ఒక పెద్దమనిషి చేతులు చాపి కొలతకు నిలబడి ఉన్నాడు. ఆయన్ను అలాగే నిలబెట్టి, షాపు బయటికి పరుగెత్తి, ప్లాట్‌ఫాం మీద పూలమ్మే ఆమె దగ్గర ఉన్న మల్లెలన్నీ కొనేశాను. అక్కకు ఫోన్ చేస్తే ఆమె నాకంటే గట్టిగా అరిచింది.

ఆరు వారాలయ్యాక ఆ ఎలాస్టిక్ బనీను విప్పిన రోజు నాకు దిగులేసిందంటే నమ్మరు. అంత అలవాటైపోయింది. ఆ తర్వాత కూడా చర్మం కింద గట్టిగా ఉండలు తగిలాయి, డాక్టరమ్మ చెప్పినట్టు నూనెతో మర్దన చేస్తే మెల్లగా మెత్తబడ్డాయి. చనుమొనల చుట్టూ చీమలు పాకినట్టు ఉండేది, అంటే స్పర్శ తిరిగి వస్తోందన్నమాట. కుడి పక్క ఇప్పటికీ ఒక చోట తిమ్మిరి ఉంది. ఎడమ పక్క చిన్న గుంట, వేలు పెడితే తెలుస్తుంది. ఉండనీ. చెయ్యాలా వద్దా అన్నది మీ డాక్టరు, మీరు తేల్చుకోండి. నేను చెప్పేది ఒక్కటే, ఇంట్లో ఒక్కరికైనా ముందే చెప్పండి. కత్తి కన్నా నాకు మేలు చేసింది అదే. చెప్పకుండా నేను పడ్డ ఇరవై ఏళ్లలో సగం, చెప్పి ఉంటే పడేవాణ్ణి కాను.

ఇక దీపావళి వచ్చింది, మా షాపులో ఊపిరాడని పని. లోపల బనీను లేకుండా, చొక్కా ఒక్కటే వేసుకుని పని చేశాను. ఫ్యాను గాలి గుడ్డలోంచి ఒంటికి తగులుతుందని నాకు అప్పుడే తెలిసింది. మీకందరికీ ఇన్నాళ్లూ ఇంత హాయిగా ఉండేదా?

కార్తిగై, ఒక ఆదివారం

పని తగ్గింది. పొద్దున తలకు నూనె పెట్టుకుని, లుంగీతో పెరట్లో కూర్చున్నాను. మా వీధిలో మంచినీళ్లు ఎప్పుడో గాని రావు. "నీళ్లొచ్చె! నీళ్లొచ్చె!" అని ఎవరో అరిచారు. సుగుణ పొయ్యి దగ్గర ఉంది. నేను రెండు ప్లాస్టిక్ బిందెలు అందుకుని పరుగెత్తాను.

కుళాయి దగ్గర అప్పటికే పది మంది. లైనులో నిలబడ్డాను. ఎదురింటి మిలిటరీ తాత నీళ్ల ధార సన్నగా వస్తోందని కార్పొరేషన్‌ను తిడుతుంటే నేను కూడా కలిసి తిట్టాను. పక్కింటి ఆమె ముందుకు దూరబోతే వాదులాడాను. నా వంతు వచ్చింది, నింపాను, ఒకటి చంకన పెట్టుకుని, ఒకటి చేత్తో పట్టుకుని, తొణుకుతూ ఇంటికి వచ్చాను.

గుమ్మంలో సుగుణ నోటి మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏమి?" అన్నాను.

"మామా, చొక్కా యాడ?"

కిందికి చూసుకున్నాను. నూనె కారుతున్న ఒళ్లు, దాని మీద చిందిన నీళ్లు, పొద్దుటి ఎండ. వీధి వీధంతా చూసింది. అయినా ఎవ్వరూ వింతగా చూడలేదు. నేనూ చూసుకోలేదు.

"లోపల కొక్కేనికి ఉండాది" అన్నాను.

"తెచ్చియ్యనా?"

"ఇంకా రెండు బిందెలు పట్టాల. కుళాయి ఆగిపోతాది" అని, ఖాళీ బిందెలు తీసుకుని మళ్లీ వీధిలోకి పరుగెత్తాను.